నిలబడి పాడయ్యే బ్రేకులు: పాత మోటార్‌హోమ్‌ల సంగతి

అమెరికాలో పాత మోటార్‌హోమ్‌ని అమ్మకానికి పెట్టినవాళ్లు మొదట చెప్పే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: ముప్పై ఏళ్ల బండే గానీ తిరిగింది నలభై వేల మైళ్లే. కొనేవాళ్లకు ఆ మాట వినగానే ప్రాణం లేచొస్తుంది. ఇంజను, గేర్‌బాక్సుల వరకూ ఆ సంతోషంలో కొంత అర్థం ఉంది. బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క తిరగబడుతుంది. మోటార్‌హోమ్ బ్రేకులు తిరిగి అరిగేదానికంటే నిలబడి పాడయ్యేదే ఎక్కువ. ప్యాడ్లు చూస్తే కొత్తవాటిలా మందంగా ఉంటాయి, వాటిని నొక్కాల్సిన పిస్టను మాత్రం తుప్పుతో బిగుసుకుపోయి ఉంటుంది. డ్రమ్ము మెరుస్తూ ఉంటుంది, దానికి ఆయిల్ మోసుకెళ్లే రబ్బరు హోసు లోపల ఉబ్బి మూసుకుపోయి ఉంటుంది. ఈ బండ్ల బ్రేకుల మీద మెకానిక్కులూ యజమానులూ కూడబెట్టిన అనుభవమంతా ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలే సారం ఇదే. ఓడోమీటరు పక్కన పెట్టి క్యాలెండరు చూడాలి. డబ్బు ఖర్చు పెట్టే వరస కూడా ఆ ప్రకారమే మారాలి.

ఏ బండ్ల గురించి మాట్లాడుకుంటున్నామో ముందు తేల్చుకుందాం. బస్సులా పెట్టె ఆకారంలో ఉండేవి క్లాస్ ఏ. వ్యాను ముందుభాగం అలాగే ఉంచి వెనక ఇల్లు కట్టినవి క్లాస్ సీ. 1970లలోని విన్నెబాగో బండ్లు చాలావరకు డాడ్జ్ ఛాసిస్ మీద కట్టినవి. తర్వాత షెవ్రొలె పీ30, ఫోర్డ్ ఎఫ్53 ఛాసిస్‌లు రాజ్యమేలాయి. క్లాస్ సీలకు ఫోర్డ్ ఈ350 వ్యానే ఎక్కువగా ఆధారం. అంటే బ్రేకుల మటుకు ఇవి ఇళ్లు కావు, సరుకుల వ్యాన్లూ చిన్న లారీలూ. ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో అద్దె మోటార్‌హోమ్‌లో వెళ్లొచ్చి, ఆ మోజులో ఒక పాత బండి కొనుక్కున్న తెలుగు కుటుంబాలు అక్కడ ఇప్పుడు చాలా ఊళ్లలో కనిపిస్తాయి. వాళ్లలో ఎక్కువమందికి అంతకుముందు నడిపిన అలవాటు కార్లదే. కారు బ్రేకుకీ దీనికీ తేడా పెడల్ కింద తెలియదు, కొండ దిగేటప్పుడు తెలుస్తుంది.

ఆ తేడాను అంకెల్లో చూడాలి. ఏడు టన్నుల బండి 6 శాతం వాలు దారిలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో దిగుతోందనుకోండి. ప్రతి సెకనుకూ అది నిలువుగా ఒక మీటరు కిందికి వస్తుంది. ఆ ఒక్క మీటరు దిగుడు నుంచి పుట్టే శక్తి సెకనుకు దాదాపు 69 కిలోజౌళ్లు. ఎదురుగాలీ టైర్ల రాపిడీ మూడో వంతు తినేసినా 45 కిలోవాట్లు మిగులుతాయి. అంటే 45 ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి ఆన్‌లో పెట్టినంత వేడి. ఇంజను సాయం లేకుండా ఆ వేడంతా చక్రాల మీదే పడితే, నాలుగు చక్రాల డిస్కులూ డ్రమ్ములూ కలిపి 100 కిలోల ఇనుము అనుకున్నా, గాలికి చల్లారేది లెక్కలోంచి తీసేస్తే సెకనుకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. అయిదు నిమిషాలకు, అంటే అయిదు కిలోమీటర్ల దిగుడుకు, 300 డిగ్రీలు. కొలరాడోలో సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉన్న ఐజెన్‌హోవర్ టన్నెల్ నుంచి సిల్వర్‌థార్న్ వైపు దిగే దారి అంతకంటే పొడవు. బ్రేకులు పట్టని లారీలు ఎక్కి ఆగడానికి అక్కడ కంకర ర్యాంపులు కట్టింది ఊరికే కాదు. అదే రాష్ట్రంలో పైక్స్ పీక్ కొండ మీంచి దిగేవాళ్లను గ్లెన్ కోవ్ దగ్గర ఆపి, సిబ్బంది బ్రేకుల వేడి కొలుస్తారు. 300 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే, అంటే 150 సెల్సియస్ దగ్గర, బండి పక్కన పెట్టి చల్లారనివ్వమంటారు.

వేడెక్కితే ఏమవుతుందన్నది ఒక్క జవాబుతో తీరే ప్రశ్న కాదు. డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనర్ల నుంచి దూరం జరుగుతుంది, పెడల్ ఇంకా లోపలికి తొక్కాల్సి వస్తుంది. లైనర్‌లోని బంక కాలి వాయువులు పుడితే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. మూడోది అన్నిటికంటే చెడ్డది: బ్రేకు ఆయిల్ మరగడం. ఆవిరిని నొక్కితే నలుగుతుంది కాబట్టి పెడల్ నేరుగా నేలకు పోతుంది. ఇది కొండ దిగుతుండగానే జరగాలని లేదు. కిందికి చేరి పెట్రోలు బంకు దగ్గర ఆపాక, గాలి తగలడం మానేశాక, డిస్కులోని వేడి మెల్లగా ప్యాడ్లను నొక్కే కాలిపర్‌లోకి, దాన్నుంచి ఆయిల్‌లోకి పాకుతుంది. పది నిమిషాల తర్వాత బండి తీసినప్పుడు పెడల్ కింద ఏమీ తగలదు. చల్లారాక అంతా మామూలే. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే 'బాగానే ఉందే' అంటాడు. ఈ లక్షణం కనబడ్డ బండిని బాగానే ఉందని వదిలెయ్యకూడదు.

ఆయిల్ ఎందుకు మరుగుతుందంటే నీళ్లు తాగడం వల్ల. డాట్ 3, డాట్ 4 రకాలు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నవి. ప్రమాణం ప్రకారం కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు అవే అంకెలు 230, 155. పైన చెప్పిన కొండ లెక్క పక్కన ఈ అంకెలు పెట్టి చూడండి. మూత పెట్టి ఉన్నా తేమ రబ్బరు హోసుల గోడల్లోంచీ చేరుతుంది కనుక బండి కదలకపోయినా ఆయిల్ ముసలిదవుతూనే ఉంటుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమనే సలహాకు మైళ్లతో పని లేదు.

ఏ ఆయిల్ అన్నదాని మీద మాత్రం పాత బండ్ల లోకంలో తెగని వాదం ఉంది. తేమ పీల్చని సిలికోన్ రకం, అంటే డాట్ 5, ఏడాదిలో పది నెలలు షెడ్డులో ఉండే బండికి సరిగ్గా సరిపోతుందని ఒక వర్గం అంటుంది. వినడానికి బాగుంది. నా మనసు మాత్రం రెండో వర్గం వైపే. సిలికోన్‌లో కలవని నీరు ఎక్కడికీ పోదు, అడుగుకు చేరి కాలిపర్‌లో చుక్కగా నిలిచి అక్కడే తుప్పు పట్టిస్తుంది, వంద డిగ్రీలకే మరుగుతుంది. పైగా దానిలో బుడగలు తేలిగ్గా ఇరుక్కుంటాయి, ఎయిర్ తీయడం కష్టం, ఏబీఎస్ ఉన్న బండికి అసలు పనికిరాదు, పాత ఆయిల్‌తో కలపకూడదు. డాట్ 4 సీసా ఒకటి కొత్తది తెరిచి రెండేళ్లకోసారి మొత్తం మార్చేవాడికి ఈ వాదంతో పని లేదు. సగం వాడి మూత పెట్టిన పోయినేడాది సీసాను మాత్రం వాడొద్దు, అదీ ఈపాటికి తేమ తాగి ఉంటుంది.

ఆయిల్ దగ్గరే ఇంకో ప్రమాదం పొంచి ఉంది. పీ30, ఎఫ్53 లాంటి బండ్లలో చాలావాటికి పవర్ స్టీరింగ్ పంపు ఒత్తిడితోనే, కాలి బలానికి సాయపడే బ్రేకు బూస్టరు నడుస్తుంది. అంటే బానెట్ కింద రెండు డబ్బాలు: ఒకదాంట్లో స్టీరింగ్ ఆయిల్, రెండోదాంట్లో బ్రేకు ఆయిల్. పాత యజమానుల్లో ఒక్కరు, ఒక్కసారి, తప్పు డబ్బాలో పోసి ఉంటే చాలు. స్టీరింగ్ ఆయిల్‌లోని ఖనిజ తైలం తగిలిన బ్రేకు రబ్బర్లన్నీ ఉబ్బి మెత్తబడతాయి. కొన్న బండిలో ఇది జరిగిందో లేదో చూడటానికి పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ డబ్బాలోంచి కొద్దిగా ఆయిల్ డ్రాపర్‌తో తీసి గాజు గ్లాసులోని నీళ్లలో వేయండి. అసలైన బ్రేకు ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. పైన జిడ్డు తెట్టెలా తేలితే అందులో వేరే ఆయిల్ పడినట్టే. అప్పుడు ఆయిల్ మార్చి ఊరుకుంటే కుదరదు. మాస్టర్ సిలిండర్, హోసులు, కాలిపర్లు, వీల్ సిలిండర్లు, ఎక్కడ రబ్బరు ఉంటే అక్కడల్లా కొత్తవి పడాలి. తేలింది సిలికోన్ అయినా సంగతి తెలిసినట్టే: ఆ బండిలో డాట్ 3 గానీ డాట్ 4 గానీ పోయకూడదు.

ఇక రబ్బరు హోసులు. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అందరూ చులకనగా చూసే భాగం ఇదే. బయట పగుళ్లు లేకపోతే బాగున్నట్టే అనుకుంటారు. హోసు ముసలిదయ్యేది లోపలి నుంచి. లోపలి పొర ఉబ్బి దారి సన్నబడుతుంది, లేదా ఒక పొర ఊడి తలుపులా వేలాడుతుంది. కాలితో తొక్కినప్పుడు వందల పౌన్ల ఒత్తిడి కాబట్టి ఆయిల్ ఆ తలుపును తోసుకుని పోతుంది. కాలు తీశాక వెనక్కి రావడానికి ఆ బలం ఉండదు. ప్యాడ్లు డిస్కును పట్టుకునే ఉంటాయి. ఆ చక్రం వేడెక్కుతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. చాలామంది ఇది చూసి కాలిపర్ మార్చిస్తారు. కొత్త కాలిపర్‌తోనూ అదే కథ జరిగి, రెండోసారి కూడా మార్చిస్తారు.

తప్పు ఎక్కడుందో తేల్చడానికి ఖరీదైన పరికరాలేం అక్కర్లేదు. చక్రం బిగుసుకున్నప్పుడే, బండిని గట్టి స్టాండ్ల మీద నిలబెట్టి, ఆ చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. తిరగకపోతే కాలిపర్ మీద ఉండే బ్లీడర్ నిపుల్‌ను పానాతో అర చుట్టు వదులు చేయాలి. ఆయిల్ ఒక్కసారి చిమ్మి చక్రం వదులైతే కాలిపర్ మంచిదే, వెనక్కి పోవాల్సిన ఒత్తిడి పైనెక్కడో ఇరుక్కుంది. నిపుల్ తెరిచినా చక్రం అలాగే పట్టుకుని ఉంటే పిస్టనో, కాలిపర్ జరిగే పిన్నులో తుప్పుతో బిగుసుకున్నాయి. ఒత్తిడి ఇరుక్కున్నదని తేలితే, మళ్లీ బ్రేకు తొక్కి బిగుసుకునేలా చేసి, ఈసారి హోసుకు పై చివర, ఇనప పైపు కలిసే చోట నట్టు వదులు చేయాలి. అక్కడ వదులు చేయగానే చక్రం తిరిగితే దోషం మాస్టర్ సిలిండర్‌దో, దాన్ని నెట్టే కడ్డీ సర్దుబాటుదో. నట్టు వదులు చేసినా చక్రం తిరగకపోతే దోషి మధ్యలో ఉన్న హోసే. పావుగంట పని ఇది. దీన్ని చేయకుండా విడిభాగాలు మార్చే మెకానిక్ చేతికి మోటార్‌హోమ్ ఇవ్వకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

పదేళ్లు దాటిన హోసులను ఎలా ఉన్నా మార్చేయడమే మేలు. వెనక యాక్సిల్ మీదికి దిగే ఒంటరి హోసును మర్చిపోతారు, దాన్నీ కలుపుకోవాలి. ఇనప పైపులు తుప్పు పట్టి ఉంటే, ముఖ్యంగా శీతాకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల బండ్లలో, రాగి-నికెల్ మిశ్రమ పైపులు వేయించుకోవచ్చు. అవి తుప్పు పట్టవు, వంచడం తేలిక. పైపు తెగిన చోట నీటి పైపుల మాదిరి కంప్రెషన్ జోడింపు పెట్టి అతుకు వేసిన బండి కనబడితే అది వెంటనే తీయించాల్సిన పని. బ్రేకు ఒత్తిడికి ఆ అతుకు ఆగదు.

కాలిపర్ పిస్టన్లది వేరే చరిత్ర. ఉక్కు పిస్టను మీది క్రోమ్ పూత తేమకు గుంటలు పడుతుంది. బరువు తగ్గించడానికీ వేడి ఆయిల్‌లోకి పోకుండా ఆపడానికీ తర్వాత ఫినాలిక్ ప్లాస్టిక్ పిస్టన్లు వచ్చాయి. అవి తుప్పు పట్టవు గానీ ఏళ్లు గడిచేకొద్దీ ఉబ్బి కాలిపర్ రంధ్రంలో బిగుసుకునే గుణం కొన్నిటికి ఉంది. 2000 తర్వాతి వర్క్‌హార్స్ డబ్ల్యు20, డబ్ల్యు22 ఛాసిస్‌లలో కాలిపర్లు బిగుసుకుని చక్రాలు వేడెక్కుతున్నాయని రీకాల్ చేయాల్సి వచ్చింది. ఆ తరం బండి సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు, రీకాల్ పని జరిగిందో లేదో బండి వీఐఎన్ నంబరుతో తప్పనిసరిగా కనుక్కోవాలి. అమెరికా రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో అది ఉచితం. ఇక తిరిగి కట్టిన కాలిపర్లు కొనాలా, సొంత కాలిపర్‌కే కొత్త రబ్బరు కిట్టు వేయించాలా అన్న ప్రశ్నకు నా జవాబు: రంధ్రం శుభ్రంగా ఉంటే సొంతదే. దుకాణంలో దొరికేది ఎన్ని చేతులు మారి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఏది వేసినా ఒక యాక్సిల్‌కు ఎడమా కుడీ రెండూ కలిపే చేయాలి.

వెనక డ్రమ్ముల్లో లైనర్ అరుగుదల కంటే ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి, అమెరికన్ డ్రమ్ము బ్రేకుల్లో చాలావాటికి, రివర్సులో బ్రేకు వేసినప్పుడే తనంతట తాను సర్దుకునే నక్షత్రం పళ్ల చక్రం ఉంటుంది. మోటార్‌హోమ్ రివర్సులో వెళ్లేదే తక్కువ, అదీ కాలితో తాకీ తాకకుండా. ఆ చక్రం తుప్పు పట్టి నిలిచిపోతుంది, పెడల్ రోజురోజుకీ కిందికి దిగుతుంది. రెండోది, వెనక యాక్సిల్ ఆయిల్ సీలు ఎండిపోయి కారి, గేర్ ఆయిల్ లైనర్ల మీద పడటం. నూనె తాగిన లైనర్‌ను పెట్రోలుతో కడిగి వాడే అలవాటు మన దగ్గరా అక్కడా ఉంది. లోపల ఇంకిన నూనె వేడెక్కగానే మళ్లీ పైకొస్తుంది. దాన్ని మార్చాల్సిందే, సీలుతో సహా.

బూస్టరు గురించి క్లుప్తంగా. ఇంజను ఆగితే బ్రేకు సాయమూ ఆగుతుంది. హైడ్రాలిక్ బూస్టర్లలో దాచిన ఒత్తిడి రెండు మూడు తొక్కుళ్లకే వస్తుంది. బరువైన బండ్లలో కొన్నిటికి విద్యుత్తుతో నడిచే అదనపు పంపు ఉంటుంది. ఇంజను ఆపి పెడల్ తొక్కితే సన్నగా మోటారు రొద వినపడాలి. ఆ రొద లేదంటే ఆ పంపు గానీ దాని రిలే గానీ చచ్చిపోయి ఉంటుంది. అది బతికుందో లేదో ఇంజను ఆగిన రోజు దాకా డ్రైవరుకు తెలిసే వీలు వేరే లేదు, అందుకే ప్రతి ప్రయాణానికి ముందూ పది సెకన్ల ఈ పరీక్ష చేయాలి. పెడల్ మెల్లగా కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి కప్పు వాషర్లు పోయాయి. పెడల్ మెత్తగా ఉంటే ఎయిర్ ఉంది. రాయిలా గట్టిగా ఉండి బండి ఆగకపోతే బూస్టరు పనిచేయడం లేదు.

పీ30 బండ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, దాని పేరు ఆటో పార్క్. బరువైన మోడళ్లలో గేర్‌బాక్సు లోపల పార్కింగ్ పన్ను ఉండదు. లీవరును పార్కులో పెడితే, ప్రొపెల్లర్ షాఫ్టు మీది డ్రమ్మును ఒక బలమైన స్ప్రింగు పట్టుకుంటుంది. దాన్ని వదిలించేది హైడ్రాలిక్ ఒత్తిడి. ఆలోచన మంచిదే: ఒత్తిడి పోతే బ్రేకు పడుతుంది. కష్టం ఎక్కడంటే, వెళ్తుండగా ఆయిల్ కారిపోయినా, ఒత్తిడిని కనిపెట్టే చిన్న స్విచ్చు చెడిపోయినా, నడుస్తున్న షాఫ్టు మీద ఆ బ్రేకు పడటం మొదలవుతుంది. డ్రైవరుకు మొదట తెలిసేది కాలిన వాసన. కారిన ఆయిల్ ఆ డ్రమ్ము మీదే పడితే మంటలకు దారి తీస్తుంది. డాష్‌బోర్డు మీద ఆటో పార్క్ దీపం మినుకుమన్న రోజే బండి ఆపేయాలి. ఆటో పార్క్ ఆయిల్ డబ్బా ఎక్కడుందో తెలియకుండానే బండి ఏళ్ల తరబడి నడిపినవాళ్లు ఉన్నారు. కొన్న వారంలోనే దాన్ని వెతికి, ఆయిల్ మట్టం చూసి, కింద దూరి తడి ఉందేమో చూడాలి. ఏ బండైనా సరే, నెలల తరబడి నిలిపేటప్పుడు మాత్రం పార్కింగ్ బ్రేకు మీద వదలకుండా చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టాలి. వేసి ఉంచిన బ్రేకు షూలు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుంటాయి.

ఉన్నది సరిచేయాలా, మెరుగైనది బిగించాలా అన్న చర్చకు 1973 నుంచి 1978 దాకా తయారైన జీఎంసీ మోటార్‌హోమ్ మంచి ఉదాహరణ. ముందు చక్రాలతో నడిచే, వెనక నాలుగు చక్రాలుండే ఆ అందమైన బండిని నేటికీ ప్రాణంలా చూసుకునేవాళ్లు ఉన్నారు. ముందు డిస్కులు, వెనక నాలుగూ డ్రమ్ములు. పెద్ద కాలిపర్లు, వెనక డిస్కులు బిగించే కిట్లు దీనికి ఎన్నో వచ్చాయి. సరిగ్గా లెక్క కట్టి బిగించిన బండి నిజంగానే బాగా ఆగుతుంది. ఆ లెక్కే చాలామంది వదిలేస్తారు. కాలిపర్ పిస్టను పెద్దదైతే దాన్ని కదిలించడానికి ఎక్కువ ఆయిల్ కావాలి. పాత మాస్టర్ సిలిండర్‌తో అయితే పెడల్ లోతుగా పోతుంది. మాస్టర్ సిలిండర్ పెద్దది వేస్తే కాలి బలం ఎక్కువ కావాలి. ముందూ వెనకా పంపకం మారితే వెనక చక్రాలు ముందు జామ్ అయి బండి వెనకభాగం పక్కకు తిరిగిపోయే స్థితి రావచ్చు. నా సలహా: మొదట కంపెనీ ఇచ్చినట్టుగా అన్నీ కొత్తవి చేసి నడపండి. అప్పటికీ చాలదనిపిస్తే ఆలోచించండి. చాలామంది 'బ్రేకులు చాలవు' అని తిట్టుకునేది ముప్పై ఏళ్ల హోసుల మీద, రెండు పిస్టన్లు బిగుసుకున్న కాలిపర్ల మీద నడుస్తూ.

ఐరోపాలో ఫియట్ డుకాటో లాంటి వ్యాన్ల మీద కట్టిన క్యాంపర్లకు వెనక యాక్సిల్ దగ్గర ఒక వాల్వు ఉంటుంది. బండి ఎంత కుంగితే బరువు అంత అని లెక్కేసి వెనక బ్రేకుల బలం సర్దుతుంది. బండి వెనక కుంగకుండా గాలి బెలూన్లు బిగించినవాళ్లు దాన్ని తిరిగి సర్దకపోతే, నిండా బరువున్నా ఖాళీ బండి అనుకుని వెనక బ్రేకులను తగ్గించేస్తుంది. వెనక ఇంజను ఉన్న పెద్ద డీజిల్ బండ్లకు ఎయిర్ బ్రేకులు. అవి లారీ బ్రేకులే కాబట్టి వాటి పరీక్షలూ స్థిరపడి ఉన్నాయి. ఇంజను ఆపి పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుంటే నిమిషంలో చదరపు అంగుళానికి 3 పౌన్లకు మించి ఒత్తిడి తగ్గకూడదు. పెడల్ కొడుతూ గాలి వదిలేస్తే 60 పౌన్లకు దిగకముందే హెచ్చరిక మోగాలి, 20కీ 45కీ మధ్య స్ప్రింగ్ బ్రేకులు వాటంతట అవే పడాలి. తేమ పట్టే డ్రయ్యర్ కాట్రిడ్జిని రెండు మూడేళ్లకోసారి మార్చాలి. వీటికి లారీ మెకానిక్కే సరైనవాడు.

బరువు సంగతి విడిగా చెప్పాలి. డ్రైవరు సీటు దగ్గర పలక మీద ఉండే మొత్తం బరువు హద్దుకే కంపెనీ బ్రేకులు లెక్క కట్టింది. 100 గ్యాలన్ల నీళ్లే దాదాపు 380 కిలోలు. సరుకులు, సైకిళ్లు, జనరేటరు కలిపి బండి ఎంతుందో చాలామంది ఒక్కసారీ తూకం వేయరు. హైవేల మీద ట్రక్ స్టాపుల్లో తూకం కొద్ది డాలర్ల పని. వెనక కారు లాక్కెళ్తే ఆ కారుకు సొంత బ్రేకు కట్టే పరికరం ఉండాలి. ముందు బండి బ్రేకులు తన బరువుకే సరి.

తనిఖీ ఎవరు చేస్తారన్నది దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన బండికి ఏటా ఎంఓటీ పరీక్ష ఉంది. జర్మనీలో 3.5 టన్నుల లోపు క్యాంపర్లకు సాధారణంగా రెండేళ్లకోసారి, బ్రేకులను రోలర్ల మీద కొలుస్తారు. అమెరికాలో చాలా రాష్ట్రాలకు అలాంటి నిబంధన లేదు. మనవాళ్లు ఎక్కువగా ఉన్న టెక్సస్ కూడా 2025 జనవరి 1 నుంచి ప్రైవేటు వాహనాల సేఫ్టీ తనిఖీని ఎత్తేసింది. ఇది నాకు బాధ కలిగించే నిర్ణయం. ఏడాదికోసారైనా ఎవరో ఒకరు చక్రం వెనక టార్చి వేసి చూసే అవకాశం పోయింది, ఆ పని ఇప్పుడు పూర్తిగా యజమానిదే. మన దగ్గర హైదరాబాదు షూటింగుల్లో రోజంతా ఏసీ వేసుకుని నిలబడి, సాయంత్రానికి నాలుగు కిలోమీటర్లు కదిలే కారవాన్లకూ ఈ నిలబడే జబ్బే ఉంటుంది. వాటి యజమానులకూ పై మాటలన్నీ వర్తిస్తాయి.

నడిపే తీరు మాటకొస్తే తిరుమల, శ్రీశైలం ఘాట్‌లలో బస్సు నడిపినవాళ్లకు కొత్తగా చెప్పేదేం లేదు: ఎక్కిన గేరులోనే దిగాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్సుకూ అదే సూత్రం. వాలు మొదలవకముందే లీవరు కిందికి లాగి, వేగం తగ్గించి ఇంజనుకు అప్పజెప్పాలి. వేగం పెరుగుతుంటే బ్రేకును ఒక్కసారి గట్టిగా వేసి తగ్గించి వదిలేయాలి. దారంతా తేలిగ్గా తొక్కి పట్టుకుంటే చల్లారే వ్యవధి ఉండదు. దిగాక లేజరు థర్మామీటరుతో అన్ని చక్రాల హబ్బులూ కొలిస్తే ఎడమా కుడీ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అది పట్టుకుంటున్నట్టు, బాగా చల్లగా ఉంటే అది పనే చేయడం లేదన్నట్టు.

సొంతంగా పని చేసుకునేవాళ్లకు మూడు జాగ్రత్తలు. బండిని సమంగా నిలబెట్టే లెవలింగ్ జాకీల మీద ఎత్తి కిందికి దూరొద్దు, అవి అందుకు చేసినవి కావు. బరువుకు తగిన స్టాండ్లే వాడాలి. పాత లైనర్లలో, ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. అమెరికా పర్యావరణ సంస్థ బ్రేకు విడిభాగాల్లో క్రిసొటైల్ ఆస్బెస్టాస్‌ను నిషేధిస్తూ నిబంధన తెచ్చింది 2024లోనే. డ్రమ్ము తెరిచి గాలితో ఊదకుండా తడిపి తుడవాలి. ఎయిర్ తీసేటప్పుడు పాత మాస్టర్ సిలిండర్ ఉన్న పెడల్‌ను నేలదాకా తొక్కకూడదు. ఎన్నడూ వెళ్లని చోటికి వెళ్లిన వాషర్లు అక్కడి తుప్పుకు చిరుగుతాయి. పెడల్ కింద చిన్న చెక్క ముక్క పెడితే చాలు.

డబ్బు ఎక్కడ ముందు పెట్టాలంటే, కొన్న బండిలో మొదట ఆయిల్, హోసులు. ఆపైన కాలిపర్లు, వీల్ సిలిండర్లు, ఆయిల్ సీళ్లు. తర్వాత మాస్టర్ సిలిండర్, బూస్టరు పరీక్ష. ప్యాడ్లు, లైనర్లు అన్నిటికంటే చివర, అవీ గట్టిపడి ఉంటేనో నూనె తాగి ఉంటేనో. సాధారణ కార్ల షెడ్డుల్లో చాలావాటి లిఫ్టులు ఈ బరువు మోయవు. లారీలు, స్కూలు బస్సులు చూసే షెడ్డు దొరికితే అక్కడికే వెళ్లాలి. పని ఒప్పుకునేటప్పుడే తీసిన హోసులు, పిస్టన్లు చూపించమని అడగాలి. పని అయ్యాక మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని పదిహేను కిలోమీటర్లు నడిపి, ఆగి, చక్రాల వేడి కలిసి కొలవాలి. మరో వంద కిలోమీటర్లకు చక్రం నట్లు టార్క్ పానాతో తిరిగి బిగించాలి.